పర్చూరులో లేని మా మర

మా కారం మర గుంటూరులో బస్టాండు వెనక వీధిలో ఉంది. ఒక్కటే ఉంది. ఇంత నొక్కి ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ళ కిందట ఒక వేసవిలో మా మర పర్చూరులో ఉందనీ, వేటపాలెంలో ఉందనీ, పెదకాకానిలో ఉందనీ, నేను పేరు కూడా వినని ఇంకెన్నో ఊళ్ళలో ఉందనీ లోకానికి చాటించిన ఘనత నాది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. సగం మంట ఆ వెబ్‌సైటు మనిషి మీద, సగం నా మీద.

మర పెట్టింది మా అత్తగారు. ఆవిడ తర్వాత మోటారు దగ్గర మా ఆయన, కాటా దగ్గర నేను. ఎండలు ముదిరాయంటే చాలు, ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు గోతాలతో దిగుతారు. వాళ్ళదొక పట్టుదల ఉంది. కాయలు మా చేతికిచ్చి, ఏ బజారు పనో చూసుకుని సాయంత్రం వస్తామనే మాటే ఉండదు. ఎవరి కాయలు వాళ్ళు పోయించుకుని, ఎవరి కారం వాళ్ళ డబ్బాలో పడేదాకా ముక్కుకి కొంగు కట్టుకుని మర పక్కనే నిలబడతారు. తుమ్ముతారు, దగ్గుతారు, కళ్ళు తుడుచుకుంటారు, పక్కకి మాత్రం జరగరు. తమ చేలో కాయ మరొకరి కాయతో కలిసిందంటే ఆ ఏడాది ఇంట్లో కూర రుచి పోయినట్టేనని వాళ్ళ నమ్మకం. నాకూ అదే నమ్మకం.

ఇలా ఉండగా వీధి చివర కొత్త మర ఒకటి వెలిసింది. వాళ్ళు మర వేగం పెంచి గబగబా ఆడించేస్తారు. కారం వేడెక్కి రంగు చచ్చిపోతుంది. అయినా ఫోనులో కారం మర అని వెతికితే ముందు వాళ్ళ పేరే వచ్చేది. మా గుమ్మంలో నిలబడి వెతికినా వాళ్ళదే వచ్చేది! మాది ఎక్కడో అడుగున, బియ్యం కొట్లూ పచ్చళ్ళ కొట్లూ దాటాక కనిపించేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరో చెబితే ఒక వెబ్‌సైటు మనిషిని పిలిపించాం.

ముప్పై ఏళ్ళుంటాయేమో. మర్యాదస్తుడు, ప్రతి మాట చివరా మేడమ్ తగిలిస్తాడు. మా సైటు చూసి పెదవి విరిచాడు.

"ఉన్నదంతా ఒకే పేజీలో కుక్కేశారు మేడమ్. జనం అడిగే ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేజీ ఉండాలి. ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి దారి ఉండాలి. అప్పుడే మీరేం చేస్తారో సెర్చ్‌కి అర్థమవుద్ది."

న్యాయంగా చెప్పాలంటే ఆ సలహాలో తప్పు లేదు. నాకు నచ్చింది కూడా. కాటా దగ్గర కూర్చుని, బేరం లేనప్పుడల్లా నోటుబుక్కులో రాశాను. కాయలు ఎన్నాళ్ళు ఎండాలి, తొడిమలు తీయాలా వద్దా, రంగుకి ఏ కాయ, ఘాటుకి ఏ కాయ, మబ్బు పట్టిన రోజున ఎందుకు పట్టించకూడదు. అన్నీ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి నన్ను అడిగినవే. మొదటి పేజీలో మాత్రం మా మర గురించి రాశాను. మర వేడెక్కకుండా నిదానంగా ఆడిస్తామనీ, మీ కాయలు మీ కళ్ళముందే కారమవుతాయనీ, గుంటూరు బస్టాండు వెనక వీధిలో నీళ్ళ ట్యాంకు పక్కన ఉంటామనీ రాశాను. అంతా నిజమే. కొన్ని వారాలకి మా పేరు అడుగు నుంచి కాస్త పైకి లేచింది.

అక్కడితో ఆగి ఉంటే నా అంత గొప్పది ఉండేది కాదు. అతను మళ్ళీ వచ్చాడు.

"ఇప్పుడు స్కేల్ చెయ్యాలి మేడమ్. ఊరికో పేజీ పెడదాం."

ఊరికో పేజీ అంటే ఊరికో రాత అనుకున్నాను, నా పిచ్చి. అతను చేసిందల్లా నా మొదటి పేజీ తీసుకుని, గుంటూరు అన్నచోటల్లా ఇంకో ఊరి పేరు పెట్టడం. మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి జిల్లాలు నిండిపోయాయి. వేటపాలెం పేజీ తెరిచి చదివాను. నేను గుంటూరు నల్లరేగడి అని రాసినచోట వేటపాలెం నల్లరేగడిలో పండిన మిరపకాయ అని ఉంది!

"వేటపాలెంలో నల్లరేగడి ఎక్కడిదయ్యా? అక్కడున్నది ఇసక. జీడిపప్పు కొట్టుకునే ఊరది" అన్నాను.

అతను నవ్వాడు. "ఇవన్నీ ఎవరు చదువుతారు మేడమ్? సెర్చ్ చదువుద్ది. మనుషులు ఫోన్ నంబరు చూసుకుంటారంతే. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదండీ."

"పెళ్ళికి చెప్పారు, కారానికి చెప్పలేదు" అన్నాను. అని ఊరుకున్నాను. అదీ నా తప్పు. నల్లరేగడి మాట ఒక్కటీ తీయించి, మిగతాది ఉండనిచ్చాను. ఎందుకంటే వారం తిరక్కుండానే పర్చూరులో ఎవరు వెతికినా మా పేరే మొదట వస్తోంది. మా ఆయన ఫోను పట్టుకుని వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు. వీధి చివరి మర వాళ్ళ మొహం చూసి నాకు లోపల్లోపల సంతోషంగా ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనే సామెత మనకోసం కాదులే అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో పెద్దావిడ, గొంతు ఖంగున పలికింది.

"ఏమ్మా, మీ మర ఏడుంది? గంట నించి బస్టాండు ఎనకాల గోతాం మోసుకుని తిరుగుతున్నా. అడిగితే ఒక్కడూ తెలవదంటాడే!"

"బస్టాండు వెనక వీధేనమ్మా, నీళ్ళ ట్యాంకు పక్కన. బయటికి రమ్మంటారా?"

"ట్యాంకూ లేదు, ఏమీ లేదు. పర్చూరు మొత్తం తిరిగా."

"పర్చూరా? మేం గుంటూరులో ఉన్నామమ్మా."

"గుంటూరేంది? మా కోడలు ఫోన్లో సదివి సెప్పింది. పర్చూరు బస్టాండు ఎనక ఈధి, నీళ్ళ ట్యాంకు పక్కన అని."

మా ఆయన ఫోను లాక్కుని పర్చూరు పేజీ తెరిచాను. అక్షరం పొల్లుపోకుండా నేను గుంటూరుకి రాసిన దారే పర్చూరుకి ఉంది. నల్లరేగడి చూసి ఎగిరిపడ్డానే గానీ, ఆ కింద దారి చదవలేదు. అన్ని ఊళ్ళ పేజీల్లోనూ అదే బస్టాండు, అదే ట్యాంకు.

"పర్చూరులో మాకు మర లేదమ్మా" అన్నాను.

"లేకపోతే ఉందని ఎందుకు రాశారు?"

గుంటూరు బస్సెక్కి రమ్మన్నాను, ఎంత పొద్దుపోయినా మర కట్టేయకుండా ఉంటామని చెప్పాను. ఆవిడ బస్సు కోసం నిలబడి ఉండగా వాన పట్టుకుంది. అకాల వాన, చెప్పి రాదు కదా. మా గుమ్మంలో దిగేసరికి ఆవిడ నిలువునా తడిసి ఉంది. గోతాం మీద కప్పడానికి ఇంకేమీ లేక పైన వంగి నిలబడిందట. అయినా ఒక పక్క కాయలన్నీ చెమ్మెక్కాయి. చెమ్మకాయ మరలో పోస్తే ముద్దవుతుంది, ఆ కారం నిలవుండదు, బూజు పడుతుంది. చేత్తో గుప్పెడు తీసి చూశాను. తొడిమ తీసి, తుడిచి, ఏరి తెచ్చిన కాయలు. ఏడాది పొడుగునా వాళ్ళింట్లో ఏడుగురు తినాల్సిన కారమట అది.

మా దగ్గరున్న మంచి కాయలు అంతకంత ఇస్తానన్నాను.

"నీ కాయలు నాకెందుకమ్మా? నేను నారు పోసి, నీళ్ళు కట్టి, కోసుకున్న కాయలు నాకున్నయ్యి" అంది.

సరే, మా మేడ మీద ఎండబెట్టి, ఆడించి, మా ఆయన చేత ఇంటికే పంపిస్తానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. కాయలు వదిలి పోయేది లేదంది. మా మేడ మీదే పరదా పరుచుకుని రెండు రోజులు కూర్చుంది, ఎండకి కొంగు నెత్తిన కప్పుకుని. అన్నం పెడితే తినేది. కాయలు తిరగేసేది. రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పడేసేది. నేనూ పక్కన కూర్చుని ఏరబోతే నా చేతిలో కాయ తీసుకుని మళ్ళీ చూసుకునేది.

నేను కిందకి వచ్చి వెబ్‌సైటు మనిషికి ఫోను చేశాను. ఊళ్ళ పేజీలన్నీ ఈ నిమిషం తీసేయమన్నాను.

"ఇప్పుడు తీస్తే మొత్తం కిందకి పడిపోతారు మేడమ్. ఒక్క కస్టమర్ కోసం..."

"ఒక్క కస్టమరా? ఆవిడ నా మేడ మీద కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. వచ్చి ఆవిడ మొహం చూసి ఆ మాట అను. దారి తెలియని ఊరికి దారి రాసి పెడతావా? సెర్చ్ చదువుద్దన్నావుగా, సెర్చ్ వచ్చి తడిసిందా వానలో?"

ఎంత అరిచానో, నాకేదో అయిందనుకుని మా ఆయన లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. పేజీలు ఆ సాయంత్రానికే పోయాయి. మేమూ అతను చెప్పినట్టే కిందకి పోయాం. పోనీ, ఉన్నచోటే ఉన్నాం.

మూడో రోజు పొద్దున్నే మా ఆయన మర శుభ్రంగా దులిపి తుడిచి, మునుపెన్నడూ ఆడించనంత నిదానంగా ఆడించాడు. ఆవిడ ముక్కుకి కొంగు కట్టుకుని పక్కనే నిలబడింది. కారం పడింది. ఎరుపు కాదు, చింతపండు రంగు. చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. డబ్బాకి మూత బిగించుకుంది. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

డబ్బాలు సర్దుకుంటూ అడిగింది. "ఆ ఫోన్లో రాసింది ఎవరమ్మా?"

"నేనే రాశాను."

"బాగా రాశావు. మా కోడలు సదువుతుంటే నీ మర నా కళ్ళముందే ఉన్నట్టనిపించింది. నిదానంగా ఆడిస్తామన్నావు, మా కళ్ళముందే అన్నావు. అది అబద్ధమాడే మనిషి మాట కాదులే అనుకుని, ఎండలో గోతామెత్తుకుని బయల్దేరా."

డబ్బాలు కట్టిన గోతాం నెత్తికెత్తడానికి ముందుకి వంగాను. నువ్వొద్దులే అని నా చెయ్యి పక్కకి నెట్టి, లోపల మోటారు దగ్గరున్న మా ఆయన్ని పిలిచింది.