ఆకాశం చూడనివాడి గోలు

ఆ రోజుల్లో మా ఊరివారికి దేన్ని చూసినా అది పక్వానికి వచ్చిందా లేదా అని పరీక్షించడం ఒక వ్యసనంగా ఉండేది. వాన కోసం ఆకాశాన్ని నెలల తరబడి పరిశీలించి ఆరితేరిన కళ్లు కాబోలు, పైన చూడదగినదేమీ లేనప్పుడు అవి కింద దొరికినవారి మీద వాలేవి. ఉరవకొండకు కొంత దూరాన ఎర్రటి గరుసునేలల నడుమనున్న మా ఊళ్లో, ఆషాఢమాసం పొడుగునా అలా దొరికినవాళ్లం మేమే. అంటే ఊరి ఫుట్‌బాల్ జట్టులో చోటు కోరి ఎండలో పరుగులు తీసే ఇరవై మందిమి. దుక్కులు సిద్ధం, ఒలిచిన వేరుశనగ విత్తనం సిద్ధం, వాన ఒక్కటే సిద్ధంగా లేదు. పని తోచని పెద్దలంతా సాయంత్రం నాలుగింటికల్లా మైదానం పక్కనున్న నల్లబండనెక్కి కూర్చునేవారు. (మైదానమన్నది గౌరవవాచకం, అది గడ్డి కూడా మొలవడానికి సంకోచించిన బీడు.) శ్రావణంలో జరిగే పోటీలకంటె, వాటికి ముందు మేము చేసే ఆ నెలరోజుల సాధన మీదనే వారికి మక్కువ ఎక్కువ. పోటీలో ఫలితం దానంతటదే తేలిపోతుంది. సాధనలోనైతే దినదినమూ తీర్పు చెప్పుకోవచ్చు.

మాకు ఆట నేర్పినవాడు గార్డు మామ. గుంతకల్లులో రైలు గార్డుగా పనిచేసి, ఉద్యోగ విరమణానంతరం ఒక తోలుబంతితో, ఒక ఈలతో స్వగ్రామం చేరినవాడు. శిక్షకుడు ఆయనే అయినా, ఎవరు ఎంత ఎదిగారో నిర్ణయించే అధికారం మాత్రం బండమీది ఇద్దరిది. మొదటివాడు ఇత్తనాల తాత. ఊళ్లో ఎవరు విత్తనం వేయాలన్నా ముందు ఆయన అరచేతిలో పోసి చూపించవలసిందే. రెండవవాడు గొర్రెల మామ. గొర్రె వయస్సును పళ్లను బట్టి లెక్కించే శాస్త్రం ఆయనది. ఆ శాస్త్రాన్నే మాకూ అన్వయించేవాడు. "నోరు తెరువప్పా" అనేవాడు. తెరిచేవాళ్లం. "ఊహూ, ఇది ఇంగా రెండు పండ్లదే. మందలో నిలబడాలంటే నాలుగన్నా రావల్ల" అని పెదవి విరిచేవాడు. తాతది వేరుశనగ శాస్త్రం. మొదటి వారం నన్ను చూసి "మొలకే" అన్నాడు. రెండవ వారం "పూత పట్టింది" అన్నాడు. మూడవ వారం "ఊడలు దిగుతాండాయి" అన్నప్పుడు, కాయకు అది ముందు మెట్టు గనుక, నేను నేలమీద నడవలేదు. కాని ఆ సంతోషం నాలుగడుగులైనా సాగలేదు. అదే నోటితో ఆయన తన మనవణ్ణి చూపి, "వీనికి కాయ గట్టిపడిందప్పా" అన్నాడు.

ఆ మనవడే నా ప్రతిద్వంద్వి. జట్టులో పదిమంది నిశ్చయమైపోగా ముందువరుసలో ఒక్క చోటు మిగిలింది. దానికి మిగిలినవాళ్లం అతడూ, నేనూ. అతని భుజాలు మడక పట్టి దున్ని బలిసినవి. నావి గ్రంథాలు మోసి వంగినవి. మా నాయన ఊరి బడిలో తెలుగు అయ్యవారు. ఆయన ఒకనాడు నన్ను కూర్చోబెట్టి, "ఈ యేడు పదకొండు మందిలో నీ పేరుంటే ఆడుకో, నేనేమీ అననబ్బీ. ల్యాకుంటే బంతి ఈడ పెట్టి తిరుపతికి పోయి వ్యాకరణం సదువుకో" అన్నాడు. ఆ మాటతో ఆ ఒక్క చోటు నాకు మోక్షద్వారమైంది. దాని కోసం నేను చేయని పని లేదు. అందరూ తాగిన తరువాత నీళ్లు తాగేవాడు పరిణతి చెందినవాడని గొర్రెల మామ అన్నట్టు తెలిసి, మరునాటి నుంచి కుండ దగ్గర వెనక్కి తగ్గడం మొదలుపెట్టాను. ఆ రహస్యం నాకొక్కడికే తెలిసినది కాదు. ఇరవై మందిమీ నాలుకలు పిడచకట్టి, "నువ్వు తాగప్పా", "యా, నువ్వే తాగన్నా" అని ఒకరినొకరు బతిమాలుకుంటూ నిలబడ్డాము. చివరకు గార్డు మామ వచ్చి, "సచ్చిపోతారు రా, తాగండి!" అని ఈల వేస్తే తాగాము.

చివరకు నిర్ణయించే రోజు వచ్చింది. మాలో మాకే రెండు పక్షాలు చేసి, ఆ ఆటలో మెరుగనిపించినవాడికే చోటని గార్డు మామ ప్రకటించాడు. బండ మీద ఖాళీ లేదు. రెండవ సగం మొదలవుతూనే తాత మనవడు ఒక గోలు కొట్టాడు. కేకలు, ఈలలు! ఇంక పది నిమిషాలని గార్డు మామ వేళ్లు చూపాడు. (ఆయన గడియారం రైలును నడిపించిన గడియారం, దానితో వాదించే సాహసం ఎవరికుంది?) అప్పుడు బంతి నాకు చిక్కింది. ఎదుటివాణ్ణి మడమ తిప్పుతో దాటాను. అంత చక్కని మలుపు నా జన్మలో అంతకు ముందు లేదు, ఆ తరువాత లేదు. మెప్పు కోసం బండ వైపు చూశాను. వరుసగా వీపులు కనిపించాయి. పెద్దలందరూ పడమటి దిక్కుకు తిరిగి కూర్చున్నారు!

అవమానంతో తల వంచుకున్నాను. ఆ వంచిన తలతోనే, బంతి తప్ప మరేదీ చూడనని శపథం పూని పరుగెత్తాను. ఎదురొచ్చినవాడొకడు హఠాత్తుగా పక్కకు తొలగాడు. నా భుజపు కదలికకు మోసపోయాడనుకున్నాను. మరొకడు వెన్నిచ్చి పారిపోయాడు. పాపం భయపడ్డాడని జాలి కలిగింది. కుడివైపు నుంచి దూసుకువస్తున్న తాత మనవడు సగం దారిలో వెనుదిరిగి రణరంగం విడిచిపోయాడు. ఆ దృశ్యాన్ని ఓరకంట చూసి నాలో వీరరసం పొంగింది. మెడ మీద ఏదో చల్లగా పడింది, చెమట అనుకున్నాను. బండ మీద పెద్ద హాహాకారం లేచింది. నా కోసమే అనుకున్నాను. గోలు ముందు కాపలావాడే లేకపోవడాన్ని కూడా నా ప్రతాపానికే ముడిపెట్టుకుని బంతిని గట్టిగా తన్నాను. అది రెండు గుంజల నడుమ నుంచి పోయింది! చేతులెత్తి వెనుదిరిగాను.

మైదానంలో నరమానవుడు లేడు. పెద్దపెద్ద చినుకులు దుమ్మును లేపుతున్నాయి. దూరంగా ఊరు ఊరంతా ఇళ్లవైపు పరుగెత్తుతున్నది. మిద్దెల మీద ఆరబోసిన విత్తనం తడిస్తే ఆ యేటికి సేద్యం లేనట్టే. నడిమిగీత మీద తడుస్తూ నిలబడినవాడు గార్డు మామ ఒక్కడే.

"ఆట నిలిపి శానాసేపాయ కదరా. ఈల ఇనపల్యా?"

"గోలు, మామా?"

"గోలంట గోలు! ఇంటికి పో, జలుబు జేస్తాది."

తరువాతి మూడు రోజులు ఊళ్లో ఎవరూ లేరు, అందరూ చేలలోనే. సెంటు భూమి లేని ఇంటివాణ్ణి గనుక నేనొక్కణ్ణే అరుగు మీద కూర్చుని నా భవితవ్యాన్ని గురించి వణుకుతున్నాను. నాలుగవ నాటి సాయంత్రం అందరూ బండ దగ్గర చేరారు. గార్డు మామ కాగితం తీసి, "ఎవురి పేరు రాయల్లప్పా?" అన్నాడు.

"అడగల్నా?" అన్నాడు తాత. "తొలి సినుక్కే మావాడు ఉరికి మిద్దెక్కి ఇత్తనాలెత్తినాడు. అయ్యవారి కొడుకు? ఊరంతా ఉరుకుతాంటే బంతెంట పోతాండాడు. ఆకాశం సూడనోడు పక్వానికి వచ్చినట్టా?"

"ఆటలో బంతిని సూస్తారు గానీ పైన మోడాన్ని సూస్తారా, ఏమప్పా నీ న్యాయం?" అని గార్డు మామ నా పక్షాన ఎగిరాడు.

"సినుకు పడితే గొర్రె గూడా సెట్టు కిందికి పోతాది మామా" అన్నాడు గొర్రెల మామ. అందరూ నవ్వారు.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "మాకు మిద్దె మీద ఇత్తనాలు లేవు తాతా. నేను యాడికి ఉరకల్ల?" అన్నాను. తాత నా వైపు తిరిగాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే అడిగాడు.

"ల్యాకుంటే మా మిద్దె ఎక్కగూడదా రా?"

ఇన్ని శాస్త్రాలు చదివినా ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలలేదు. గార్డు మామ మనవడి పేరు రాశాడు. ఆ నెలాఖరునే నేను తిరుపతి చేరి వ్యాకరణంలో పడ్డాను. పండితుణ్ణయి, ఊరూరా పిల్లలకు చదువు చెప్పి, తలనెరిసి మళ్లీ ఈ ఊరే చేరుకున్నాను.

ఈ యేటి ఆషాఢంలో కూడా సాధన జరుగుతున్నది. ఇప్పుడు రంగు చొక్కాలు, బూట్లు వచ్చాయి. ఆడపిల్లలూ ఆడుతున్నారు. ఎవరు ఎంత ఎదిగారో చరవాణిలో చిత్రీకరించి ఊరి వాట్సాప్ బృందంలో పెడితే, బెంగుళూరులో ఉన్నవారు కూడా తీర్పులు చెబుతున్నారు. మొన్న శిక్షకుడైన యువకుడు, పాత ఆటగాళ్లను పిల్లలకు పరిచయం చేస్తానంటూ నన్నూ, నాటి తాత మనవణ్ణీ పిలిచి నిలబెట్టాడు. (మనవడికిప్పుడు మనవలున్నారు, మోకాళ్లు మాత్రం లేవు.) నేను ఆటగాణ్ణి కానని చెప్పడానికి గొంతు సవరించుకునేలోపే ఆ మనవడే అందుకున్నాడు.

"ఈయప్ప కొట్టిన గోలు మీరు సూడల్యా. తల దించుకోని గాలి మాదిరి వచ్చినాడు. నేను అడ్డం పోయినా. కాళ్లకు దొరికితేనా!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. అతడు నా వైపు చూడనేలేదు. జీవితమంతా ఎర్రసిరాతో ఇతరుల తప్పులు దిద్దినవాణ్ణి నేను. అంత నిండైన అసత్యం నా ఎదుటనే పలికితే, ఒక్క అక్షరం కూడా సవరించకుండా, నాటి పదిహేడేళ్లవాడిలా సిగ్గుపడి చేతులు జోడించాను.