మంగ్లీ వండని చేప

కొమ్ముగూడలో మాడ అనే మనిషి తినని ప్రాణి ఏదని అడిగితే జనం కాసేపు ఆలోచించి, "పోలీసు కుక్క" అంటారు. అది కూడా గొలుసుకు కట్టేసి ఉంటుంది కాబట్టేనట.

ఊరు బాసగూడ నుంచి గంట నడక. తాలిపేరు నది ఒడ్డున ఇరవై దోర్ల గిరిజనుల ఇళ్లు. మాడకు అరవై దగ్గర పడి ఉంటాయి. ఆధార్ కార్డు ప్రకారం జనవరి ఒకటిన పుట్టాడు. ఆ ఊళ్లో అందరూ ఆ రోజే పుట్టారు. ఉడుము, ఉడత, గబ్బిలం, పందికొక్కు, కందిరీగ గూటిలోని పురుగు, అన్నీ అతని కంచంలోకి వచ్చాయి. ఉడుమును పట్టడం నేరమని అటవీశాఖ బోర్డు చెబుతుంది. మాడకు చదువు రాదు, ఉడుముకూ రాదు.

ఈమధ్య పట్నాల నుంచి వచ్చినవాళ్లు ఎర్రచీమల పచ్చడి నాలుక మీద పెట్టుకుని కెమెరా ముందు కళ్లు మూసుకుంటున్నారు. అడవిబిడ్డల ఆహార విజ్ఞానం అంటున్నారు. మాడ విజ్ఞానం ఒక్క ముక్కలో తేలిపోతుంది: ఆకలేస్తే కదిలేదాన్ని పట్టాలి. పోలీసులకూ అన్నలకూ మధ్య నలిగి ఊరు తగలబడి జనం చెల్లాచెదురైన ఏళ్లలో అతనూ భార్య మంగ్లీ చర్ల వైపు మిరప తోటల్లో కూలికి ఉన్నారు. అక్కడ పొలం గట్ల ఎలుకలే కూర. వాటిని కాల్చడానికి ఎండు మిరపకట్టె తప్ప వేరే పుల్ల లేదు. ఆ పొగకు కూలీల గుడిసెలన్నీ ఒకేసారి దగ్గేవి. దగ్గుతూనే తిన్నారు. దాన్ని ప్రకృతితో సహజీవనం అని ఎవరైనా రాస్తే వాళ్లకు ఆ పొగ పెట్టాలి.

అంతా తిన్న ఆ ఇంట్లో కట్టడి ఒక్కటే, అది మంగ్లీది. మాడ ఏం తెచ్చినా గుమ్మంలో ఆపేది.

"ఏంది అది? పేరు చెప్పు."

"కళ్లు లేవా? ఉడుము."

"నీ నోటితోటి చెప్పు."

ఇందులో మంత్రం ఏమీ లేదు. ఆమె పుట్టింటి వంశానికి తాబేలు చుట్టం, తినకూడదు. మాడ వంశానికి ఇంకొకటి. పేరు తెలిస్తే అది ఎవరి చుట్టమో, ఎవరికి పనికిరాదో తెలుస్తుంది. పేరు చెప్పాక ఆమె దేన్నైనా వండేది, బాగా వండేది.

మూడేళ్ల కిందట వలలో కొత్త చేప పడింది. నల్లగా, ఒళ్లంతా పెంకు, మూతి కిందికి తిరిగి దేన్నో పీల్చబోతున్నట్టుంది. రెక్కల ముళ్లు వల దారాలను కోసేశాయి. ఒడ్డున పడేస్తే ఎండలో పూటంతా బతికే ఉంది. మాడ దాన్ని ఇంటికి తెచ్చాడు.

"పేరు?" అంది మంగ్లీ.

మాడ తల గోక్కున్నాడు. "అంగట్ల దెయ్యం చేప అంటున్నరు."

"అది తిట్టు, పేరు గాదు. మన తాతలు దీన్ని ఏమన్నరు?"

"మన తాతలు దీన్ని సూడలేదే!"

"మరి ఇది ఎవరి చుట్టం? తీస్కపో."

అలా మాడ తినని ప్రాణి ఒకటి తేలింది. ఏడాది తిరిగేసరికి నదిలో అదే మిగిలింది. జెల్లలు, పరకలు, వాలుగలు వారానికి ఒకటీ అరా. వలలో పది పడితే తొమ్మిది పెంకు చేపలే. మాడ చేతికి కొత్త పని అలవాటైంది: వలలోంచి పీకడం, పక్కబండకు ఒక్క దెబ్బ కొట్టడం, వెనక్కి విసరడం. చూసేవాడు కాదు. వెనక ఊరికుక్కలు కాచుకుని ఉండేవి. ఆ పెంకు కొరకడం వాటికీ అలవాటైంది.

పోయినేడు బాసగూడ అంగడికి అరుణ్ వచ్చాడు. భోపాలపట్నంలో కిరాణా కొట్టున్న తెలుగు కుటుంబం వాళ్లబ్బాయి. రాయపూర్‌లో చేపల చదువు చదివి, ఏదో సంస్థలో చేరాడు. గ్యాస్ పొయ్యి పెట్టి, ఆ చేప ముక్కల్ని శనగపిండిలో ముంచి వేయిస్తున్నాడు. ఎక్కడో దక్షిణ అమెరికా నదుల చేప అట. ఇళ్లలో అద్దాల తొట్లు నాకి శుభ్రం చేస్తుందని తెచ్చుకుని, పెరిగి పెద్దదయ్యాక నీళ్లలో వదిలేశారట. మనం తింటేనే నది బతుకుతుందట. మాడ గురించి ఎవరో చెప్పినట్టున్నారు, ముక్క పట్టుకుని ఎదురొచ్చాడు.

"పెద్దాయనా, నువ్వు తింటే ఊరంతా తింటుంది. ఫోటో తీసుకుందాం."

మంగ్లీ అడ్డం వచ్చింది. "నువ్వు తిన్నవా బాబూ?"

అరుణ్ నీళ్లు నమిలాడు. "మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరమ్మా."

"ఓహో! తెచ్చింది పట్నపోళ్లు, ఏయించేది సేటు కొడుకు, నోరు మాత్రం మాదా?"

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. అరుణ్ కూడా నవ్వాడు, పాపం. మంచివాడే. మంచితనంతో నదులు బాగుపడితే ఈ దేశంలో మురికి నీరు ఉండేది కాదు.

ఈ ఏడు దీపావళి వెళ్లిన వారం మంగ్లీకి చలిజ్వరం వచ్చింది. నాలుగో రోజు పొద్దున పోయింది.

మాడ వంశంలో పోయిన మనిషిని పాతిపెట్టడంతో పని తీరదు. ఇంటికి తిరిగి తెచ్చుకోవాలి. పదోనాడు నది దగ్గరికి వెళ్లి, పేరు పెట్టి పిలిచి వల వేస్తారు. మొదట పడిన ప్రాణి, చేపైనా రొయ్యైనా ఎండ్రకాయైనా, ఆ మనిషే. ఆకుదొప్పలో నీళ్లు పోసి దాన్ని ఇంటికి తెచ్చి, లోగదిలో పోయిన పెద్దల పేర ఉంచిన కుండ పక్కన కాసేపు ఉంచి, వండి, ఇంటివాళ్లంతా తలా కొంచెం తింటారు. అప్పుడే ఆ మనిషి లోపలికి వచ్చినట్టు. లేకపోతే బయటే తిరుగుతూ ఉంటుంది, వాననక ఎండనక. మాడ తండ్రి కొర్రమీనై వచ్చాడు. తల్లి రెండు వేళ్లంత రొయ్యై వచ్చింది.

పదోనాడు రేవులో నలుగురే ఉన్నారు. మాడ, ఉసూర్ నుంచి వచ్చిన మంగ్లీ చెల్లెలు బుధ్రి, ఊరి పూజారి పెర్మా తాత, దొప్ప పట్టుకున్న తాత కోడలు. కుక్కలు ఎప్పట్లాగే వెనక చేరాయి.

"పిలువురా," అన్నాడు తాత.

మాడ వల మడతలు సర్దుతూ నిలబడ్డాడు. అక్కడ మొగుడూ పెళ్లాం ఒకరి పేరొకరు పలకరు. ముప్ఫై అయిదేళ్లలో ఆమెను "ఇగో" అనీ "ఏమే" అనీ తప్ప పిలిచి ఎరగడు.

"పిలువు బావా," అంది బుధ్రి. "ఇయ్యాల సిగ్గేంది? నువ్వు పిలవకుంటే ఎట్ల వస్తది?"

మాడ నదివైపు తిరిగాడు. కళ్లు మూసుకుని అరిచాడు. "మంగ్లీ! రాయే! బువ్వ వండినం, ఇంటికి రా!"

ఆ పేరు అవతలి ఒడ్డుకు తగిలి వెనక్కి వచ్చింది. తన గొంతులో ఆ పేరు వినడం మాడకు అదే మొదలు. అతను ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే వల విసిరాడు, లాగాడు, చెయ్యి పెట్టాడు. పెంకు తగిలింది. చెయ్యి తన పని తాను చేసింది. పీకింది, బండకు కొట్టింది, వెనక్కి విసిరింది.

కుక్క గాల్లోనే అందుకుంది.

"అయ్యో బావా!" బుధ్రి కేక పెట్టింది.

మాడ వెనక్కి తిరిగి చూసి, తన చేతిని చూసుకున్నాడు. తరవాత పరుగెత్తాడు. తుప్పల్లో, ముళ్లల్లో, ఆ వయసులో, పంచె ఊడిపోతున్నా. తిరిగి వచ్చేసరికి గుప్పిట్లో తోక పెంకు ఒక ముక్క ఉంది.

"మళ్ల ఎయ్యి," అన్నాడు తాత నెమ్మదిగా. "మళ్ల పిలిచి ఎయ్యి."

మాడ కదల్లేదు. బుధ్రే పిలిచింది, తాతే వల వేశాడు. మళ్లీ పెంకు చేపే పడింది. అప్పటికి అందరికీ తెలిసిపోయింది, ఆ నదిలో ఇక ఎవరు పోయినా రావడానికి వేరే రూపం లేదని. తాత దాన్నే దొప్పలో పెట్టించాడు. దొప్ప దానికి చాలలేదు, తోక బయటికి వేలాడింది.

ఇంటి దగ్గర దాన్ని గొడ్డలితో పగలగొట్టాల్సి వచ్చింది. బుధ్రి వండింది. దాని పేరేమిటని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. తాత ముక్క నోట్లో వేసుకుని, "వచ్చింది, మా మంగ్లీ ఇంటికొచ్చింది" అన్నాడు. కోడలు తిని అదే మాట అంది. బుధ్రి తలవంచుకుని తింది. మాడ ముక్కను నోటిదాకా తీసుకెళ్లి ఆకులో పెట్టేశాడు.

"తిను బావా. తినకుంటే అక్క ఎట్ల లోపలికొస్తది?"

"ఇది మీ అక్క గాదు. ఆమె మొదలు పిలవంగనే వచ్చింది. బండకేసి కొట్టిన."

 కుక్క తిన్నదాన్ని ఇంటికి పిలుచుకునే దారి పెద్దలెవరూ చెప్పిపోలేదు.

తరవాతి అంగట్లో సంగతి విని అరుణ్ ఊళ్లోకి వచ్చాడు. సంప్రదాయాన్ని గౌరవిస్తానన్నాడు, అయినా అది ఉత్త చేపేనన్నాడు. ఈ రెండు మాటలూ ఒక్క ఊపిరిలో ఎలా అనగలిగాడో అతనికే తెలియాలి. మాడ ఓపిగ్గా విని, "నీకు తెల్వదు బాబూ, నువ్వు తినవుగా" అన్నాడు.

ఇప్పుడు మాడ వేటకు పోవడం లేదు. రేవుకు మాత్రం రోజూ పోతాడు. వలలో పడిన ఒక్కో పెంకు చేపనూ ఒళ్లో పెట్టుకుని, ముళ్లకు చుట్టుకున్న దారాలు మెల్లగా తప్పించి, నీళ్లలోకి వదులుతాడు. ఆ రేవులో వాటిని చంపిన చెయ్యి అదొక్కటే. ఇక అదీ లేదు. వదిలే ముందు మంగ్లీ పేరు పిలుస్తాడు. ఇప్పుడు గొంతు తడబడదు. కుక్కలు కొన్నాళ్లు వెనక కూర్చుని చూశాయి, తరవాత రావడం మానేశాయి. ఎండెక్కే వేళకు మాడ ఖాళీ వల భుజాన వేసుకుని ఇంటికి వెళ్తాడు. వాకిట్లో రేషన్ శనగలు ఉడకేసుకుంటాడు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, "శనగలు" అని పైకి చెప్పి లోపలికి పోతాడు.