నేను బీపీ ఎక్కించిన ఎలుక

మా నాన్న రైలింజను నడిపి రిటైరయ్యారు. మా ఇల్లు రైల్వే స్టేషన్ దగ్గరి తోర్వా పేటలో. అక్కణ్ణించి రోజూ స్కూటీ మీద ఊరి అవతల కోని వైపు వెళ్ళి, ఒక ల్యాబులో ఎలుకల బీపీ చూసేదాన్ని.

"ఎలకకి బీపీ ఏటమ్మా? దానికేం డ్యూటీ, ఏం సిగ్నళ్ళు?" అని నాన్న నవ్వేవారు. ఆయనకి బీపీ ఉంది. సాయంత్రాలు నేనే చూసేదాన్ని.

బీపీ అంటే ఉప్పు, టెన్షన్ అనుకుంటాం. రక్తంలో ఉండి రోగాల నుంచి మనల్ని కాపాడే టీ కణాలే కిడ్నీల్లో చేరి, వాపు తెచ్చి బీపీ పెంచుతాయా అన్నది మా పరిశోధన. పుట్టుకతోనే ఆ కణాలు లేని చిట్టెలుకలు కొన్ని మా దగ్గర ఉండేవి. బీపీ పెంచే హార్మోను ఇచ్చినా వాటికి పెద్దగా పెరిగేది కాదు.

వాటిలో ఒకదానికి చెవి అంచు చిరిగి ఉండేది. బీపీ చూడాలంటే ఎలుకను గొట్టంలోకి పంపి తోకకు చిన్న పట్టీ వెయ్యాలి. మిగతావి పెనుగులాడేవి. ఇది నా వేళ్ళు వాసన చూసి, తనంతట తానే లోపలికి వెళ్ళేది.

"ఇప్పుడు వీటికి టీ కణాలు ఎక్కించి చూద్దాం" అన్నారు మా మేడం ఒక ఉదయం. ఇంకో ఎలుక నుంచి తీసిన ఆ కణాలను సూదితో ఎక్కించింది నేనే. కొన్ని వారాలు ఆగి మళ్ళీ అదే హార్మోను ఇచ్చాం. ఈసారి బీపీ ఎక్కింది. మేడం నా భుజం తట్టారు. నేనూ సంతోషపడ్డాను, దాచను.

చివరికి కిడ్నీలు పరీక్షించాలి గనక వాటికి మత్తిచ్చి చంపాలి. చెవి చిరిగినదాని వంతు వచ్చినప్పుడు "నేను చేస్తాలే" అంది తోటి అమ్మాయి. వద్దన్నాను. అది నా చేతిలో కదలకుండా పడుకుంది. పెనుగులాడినా బాగుండేది. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే, నేనెక్కించిన కణాలు దాని కిడ్నీ నిండా గుంపులుగా కనబడ్డాయి. కళ్ళు మూసుకున్నా అవే కనబడేవి.

అవి చూసిన సాయంత్రం, బీపీ చూడమని నాన్న చెయ్యి చాపారు. పట్టీ చుట్టలేకపోయాను.

"ఏటయిందమ్మా?"

చెప్పాను. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నా డ్యూటీలో, లాల్‌ఖదాన్ గేటు దగ్గర ఒకాయన పట్టాల మీదికొచ్చేసేడు. బ్రేకేసేను. బండి ఆగలేదు" అన్నారు. "నాకేసే చూసేడు. అటెళ్ళినప్పుడల్లా హారన్ ముందే కొట్టీవోణ్ణి."

"ఎప్పటికైనా మనసులోంచి పోతుందా నాన్నా?"

"పోదు. మీ అమ్మకి చెప్పకు."

మర్నాడు ఆయనే డాక్టరు దగ్గరికెళ్ళి బీపీ చూపించుకొచ్చారు. నేను జంతువుల గది వదిలేసి, కణాలను గాజు పళ్ళేల్లో పెంచే పని అడిగి తీసుకున్నాను. ఇప్పుడు ఇద్దరం పొద్దున్నే టీ తాగుతూ కూర్చుంటాం. ఒకరం ఉన్నట్టుండి మాట ఆపేస్తే రెండోవాళ్ళం ఏమిటని అడగం.