బోణీ బేరంలో పోయిన గిటారు

మా తమ్ముడు పుట్టుకతో ఎడమచేతివాటం మనిషి. ఆ వాటాన్ని మా నాన్న బెత్తంతో మాన్పించాడు. పలక పట్టినా, ముద్ద ఎత్తినా ఎడమ చేయి ముందుకు వస్తే దెబ్బ పడేది. పదేళ్ళు నిండేసరికి తమ్ముడు కుడి చేత్తో తినడం, రాయడం నేర్చుకున్నాడు; అక్షరాలు మాత్రం ఎన్నడూ గీత మీద నిలబడలేదు. 1996లో తంబళ్లపల్లె దగ్గర వేరుశనగకాయలు ఒలిచే మిషన్‌లో అతని కుడి చేతి నడిమి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

దాంతో మళ్ళీ ఎడమ చేత్తో తినవలసి వచ్చింది. అప్పటికి అతనికి ముప్పై దాటాయి.

"ఎడం చేత్తో తినేవాని పక్కన నాకు ఆకు ఎయ్యొద్దు," అన్నాడు మా నాన్న మా అమ్మతో.

ఆ పూట నుంచి తమ్ముడి కంచం వంటింటి గడప అవతలికి చేరింది. అందరి భోజనాలూ అయ్యాకే అతనికి వడ్డన.

నేను భూమి కొలతల శాఖలో ఉద్యోగం చేశాను. కొలిచిన దానిని నమ్ముతాను. కొలవలేని దానిని గురించి మాట్లాడను. కనుక తమ్ముడు ఎంత బాధపడ్డాడో చెప్పలేను. మదనపల్లె టమోటా మార్కెట్‌లో లారీ నంబర్లు పిలిచే పనిలో కుదిరాడనీ, ఇంట్లో మాట్లాడడం తగ్గించాడనీ మాత్రం చెప్పగలను.

మా వీధి చివర విద్యార్థుల హాస్టలు ఒకటి ఉండేది. అక్కడి వార్డెను సాయంత్రాలు గిటారు వాయించేవాడు. ఒక రోజు ఆయన దానిని తమ్ముడి ఒడిలో పెట్టాడు. గిటారు మెడ మీద మెట్లు ఉంటాయి. వాటి దగ్గర తీగలను నొక్కిపట్టేది ఎడమ చేయి. కుడి చేయి మీటితే చాలు, మీటడానికి ఒక్క బొటనవేలు చాలు. ఆ రాత్రి తమ్ముడు నాతో అన్న మాట ఇది:

"అన్నా, దీంట్లో పనంతా ఎడం చెయ్యే చేస్తాది. కుడిదానికి ఊరికే గీకే పని."

వార్డెను దగ్గర అతను కొన్ని పట్లు, అంటే రెండు మూడు తీగలను ఒకేసారి నొక్కిపట్టే తీరులు, నేర్చుకున్నాడు. తర్వాత వార్డెనుకు బదిలీ అయింది, ఆయనతో గిటారూ వెళ్ళిపోయింది. ఇంట్లో వాయించుకోవడానికి తనది అంటూ ఒకటి ఉండాలని తమ్ముడికి పట్టుకుంది. కొత్తది అతని కూలికి అందదు. పుంగనూరులో పాత టేపు రికార్డర్లు, హార్మోనియంలు అమ్మే దుకాణంలో ఒక పాత గిటారు ఉందని మార్కెట్‌లో ఎవరో చెప్పారు. 1998 వేసవిలో ఇద్దరం మొదటి బస్సుకు వెళ్ళాము.

దుకాణదారు అప్పుడే కర్పూరం వెలిగించి గల్లాపెట్టెకు చూపిస్తున్నాడు. గిటారును నేనే పరీక్షించాను. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ చెక్కకూ మధ్య మూడు మిల్లీమీటర్లు మించితే వేళ్ళు నొస్తాయని వార్డెను చెప్పి ఉన్నాడు. నా స్టీలు స్కేలు పెట్టి చూస్తే మూడుకు కొంచెం తక్కువే వచ్చింది. మెడ వంగలేదు. వెనక చెక్కకు ఒక సన్నని చీలిక ఉంది, ముందు చెక్కకు లేదు.

"ఏంసార్, గిటారా, చేను గట్టా? కొలస్తానే ఉండారు," అన్నాడు దుకాణదారు.

బేరం కుదిరింది. తమ్ముడు ఎడమ చేత్తో జేబులోని నోట్లు తీసి చాచాడు. దుకాణదారు తన చేతిని వెనక్కి లాక్కున్నాడు.

"బోణీ బేరమప్పా. ఎడం చేత్తో ఇస్తావా?"

తమ్ముడు నోట్లను కుడి చేతికి మార్చి, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి మళ్ళీ చాచాడు. దుకాణదారు ఆ చేతిని కాసేపు చూశాడు.

"ఇది అంతకన్నా అన్యాయం. బోణీకి నిండు చెయ్యి కావల్ల. మీయన్నను ఇయ్యమను."

నేను చేయి చాచాను. తమ్ముడు నోట్లు ఇవ్వలేదు.

"కొనేది నేను. నా దుడ్డు నేనే ఇస్తా," అన్నాడు.

"అట్లయితే ఇంకొకరు బోణీ చేసిందాకా అరుగు మీద కూసో. ఆ పైన నీ యిష్టం, కాలితో ఇచ్చినా తీసుకుంటా."

కూర్చున్నాము. ఎండ అరుగు మీదికి వచ్చింది. అప్పుడు స్కూటరు మీద ఒక మనిషి వచ్చాడు. కుప్పంలో తనకు ఫొటో స్టూడియో ఉందనీ, జనం పట్టుకుని ఫొటో దిగడానికి చూపుకు బాగుండే వస్తువేదైనా కావాలనీ అడిగాడు. దుకాణదారు గిటారు చూపించాడు.

"అది మేము బేరం చేసినాము," అన్నాడు తమ్ముడు, లేచి నిలబడి.

"బేరం చేసినావు, దుడ్డు ఇయ్యలేదు కదప్పా," అన్నాడు దుకాణదారు.

స్టూడియో యజమాని మారుమాట లేకుండా, తమ్ముడు ఒప్పుకున్న వెలకే, కుడి చేత్తో నోట్లు ఇచ్చాడు. దుకాణదారు వాటిని కళ్ళకు అద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు. స్కూటరు వెళ్ళిపోయాక తమ్ముడి వైపు తిరిగాడు.

"బోణీ అయిపాయ. ఇంక ఏ చేత్తో అయినా ఇయ్యి. హార్మోనియం ఉండాది, సూస్తావా?"

హార్మోనియం వాయించాలంటే కుడి చేతికి అయిదు వేళ్ళూ కావాలని దుకాణదారుకు తెలియదని నేను అనుకోను.

మరో గిటారు ఎక్కడా దొరకలేదు. దసరా దాటిన తర్వాత తమ్ముడు కుప్పం పోదామన్నాడు. స్టూడియో వెతకడం కష్టం కాలేదు. గిటారు అద్దాల్లోంచి వీధిలోకే కనిపిస్తోంది. దాని మెడకు ప్లాస్టిక్ పూలు చుట్టి ఉన్నాయి. తీగలు లేవు.

"ఆడోళ్ళ చీరలకు తగులుకుంటాండాయని కోసేసినా," అన్నాడు యజమాని. "అమ్మేది కాదప్పా అది. రామకుప్పం నుంచి గూడా పిల్లోళ్ళు దీనికోసరమే వస్తాండారు. కావాలంటే నువ్వు గూడా దిగు."

"నాకు వాయించుకునేదానికి కావల్ల," అన్నాడు తమ్ముడు.

"వాయించినట్టే దిగు. ఎవురికి తెలస్తాది?"

తమ్ముడు ఎందుకు ఒప్పుకున్నాడో నాకు తెలియదు. తెలియని దానిని రాయను. యజమాని గిటారు పట్టీని అతని భుజానికి తగిలించి, వెనక్కి జరిగి చూసి, మళ్ళీ దగ్గరికి వచ్చాడు.

"ఆ చెయ్యి ఈడ పెట్టొద్దు, ఫొటో చెడిపోతాది. నడుం వెనక్కి పెట్టుకో." తమ్ముడి కుడి మణికట్టు పట్టుకుని అతనే వెనక్కి నెట్టాడు.

ఆ ఫొటో ఇప్పుడు నా ముందు ఉంది. వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉన్నాయి. వార్డెను ఒకసారి మదనపల్లె వచ్చినప్పుడు ఆయనకు దానిని చూపించాను. తీగలు లేకపోయినా ఎడమ చేతి వేళ్ళు తాను నేర్పిన మొదటి పట్టులోనే, సరిగ్గా ఆ మెట్ల దగ్గరే ఉన్నాయని ఆయన చెప్పాడు.

ఫొటో ఇంటికి వచ్చిన రోజు మా నాన్న దానిని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"ఆ పాడు చెయ్యి కనపడకుండా బాగా తీసినాడు," అన్నాడు.

ఫ్రేము కట్టించి తన మంచం ఎదురుగోడకు తగిలించుకున్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళకు వేలు పెట్టి చూపించేవాడు: "మా చిన్నోడు. గిటారు వాయిస్తాడు." 2004లో ఆయన పోయేదాకా ఆ ఫొటో ఆ గోడ మీద ఉంది, తమ్ముడి కంచం గడప అవతల ఉంది.