స్థానికులకు మాత్రమే వచ్చే జబ్బు

మా వదిన పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పప్పుకు పొట్టు తీసే పనికి వెళ్తుంది. అన్నయ్యకు డయాలసిస్ మొదలయ్యాక ఇల్లు ఆ కూలి మీదే నడుస్తోంది. ఒక మధ్యాహ్నం ఆమెకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, షెడ్డు గుమ్మంలో రెండు రకాల నీళ్ళు చూశాను. బల్ల మీద మినరల్ వాటర్ క్యాను, పక్కన స్టీలు గ్లాసు. నేల మీద నీలం డ్రమ్ములో బోరు నీళ్ళు, పైన ప్లాస్టిక్ మగ్గు. మనవాళ్ళు క్యాను దగ్గరికి వెళ్తున్నారు. ఒడిశా కొండల నుంచి పనికి వచ్చిన ఆడవాళ్ళు డ్రమ్ములో మగ్గు ముంచుతున్నారు.

రెండు గ్లాసుల హోటళ్ళ మీద జీవితమంతా ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. క్యారేజీ చేతిలో ఉండగానే యజమాని గదిలోకి వెళ్ళాను. ఆయన మర్యాదగా కుర్చీ చూపించాడు.

"కులం గిలం ఏటీ నేదండి. ఇది సైన్సు. కిడ్నీ జబ్బు ఉద్దానపోళ్ళకే గదండీ వత్తాది. ఆళ్ళకి రాదు. రాని జబ్బుకి మినరల్ వాటరు దేనికండీ?"

మా ఉద్దానం ప్రాంతంలో ఎవరైనా సైన్సు అంటే సంతోషించే అలవాటు నాది. ఆ రోజు ఒళ్ళు మండింది. అయితే ఆయన ఒక్కడి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? ఈ జబ్బు వల్ల మాకు పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయి, పొలాలు అమ్ముడవుతాయి, మనుషులు పోతారు. అయినా బయటివాళ్ళు వస్తే, మా కొబ్బరి, మా జీడి అన్నంత ధీమాగా మా కిడ్నీ జబ్బు అంటాం. దాని కారణం ఇంకా ఎవరూ తేల్చలేదు. నీళ్ళేనని నేనూ ప్రమాణం చేయలేను. కానీ ఆ తెలియని కారణం ఆధార్ కార్డులో చిరునామా చూసి మరీ మనిషిని పట్టుకుంటుందంటే మాత్రం నమ్మలేను.

బయటికి వస్తుంటే వదిన తన పక్కన కూర్చుని పని చేసే ఒడిశా ఆమెను కళ్ళతో చూపించింది.

"దాని కాళ్ళు సూడు మరిదీ. మీ అన్నకి మొదట్లో ఇలాగే పొంగినాయి."

కొన్నాళ్ళకు ఆ షెడ్డులోనే రక్తపరీక్షల శిబిరం పెట్టారు. యజమాని స్థానికులనే వరుసలో నిలబెట్టాడు. ఆ ఒడిశా ఆమె జీడిపిక్కల బస్తాల వెనక నిలబడి ఉంది. ఆమెకూ పరీక్ష చేయించమన్నాను.

"లేని జబ్బుని ఎతికి దాన్ని బయపెట్టడం దేనికండీ," అన్నాడాయన.

"తమరిది ఏ ఊరు?"

"టెక్కలండి."

"అంటే ఉద్దానం కాదు."

"ఎంత మాటండీ. కాదు."

డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్ళు ముంచి ఆయనకు అందించాను. "అయితే తమరికీ రాదు. తాగండి."

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. ఆయన మగ్గు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నాకు షుగరున్నాదండీ," అన్నాడు.

"బోరు నీళ్ళల్లో పంచదార ఉండదు బాబూ," అంది మా వదిన.

అందరూ నవ్వేసరికి ఆయన, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. కానీ ఆమె బస్తాల వెనక నుంచి కదల్లేదు.

"జబ్బుందంటే పని తీసేస్తాడక్కా."

"పరీచ్చ సేయించుకోపోతే నీ కాళ్ళే నిన్ను పన్లోంచి తీసేత్తాయి. రా," అని వదిన చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది.

ఆమె కిడ్నీలు అప్పటికే చాలావరకు దెబ్బతిన్నాయని తేలింది. వాదంలో గెలిచినవాడి నడకతో ఆ కాగితం తీసుకెళ్ళి యజమాని ముందు పెట్టాను. ఆయన చదివి నిట్టూర్చాడు.

"సూసారా. అక్కణ్ణుంచి తెచ్చుకున్నాది."

అంతే. రాని జబ్బు తెచ్చుకున్న జబ్బయింది. ఆమె అన్నట్టే పని పోయింది. ఇప్పుడు ఒడిశా నుంచి ఎవరు పనికొచ్చినా గేటు దగ్గరే రక్తం తీస్తున్నారు. బయటి నుంచి కిడ్నీ జబ్బు ఉద్దానంలోకి రాకుండా కాపలా కాస్తున్నారన్నమాట. తర్కశాస్త్రం మీద నాకున్న గౌరవం ఆ గేటు దాటి లోపలికి పోలేకపోయింది.

ఆమె తన ఊరి వైపు ఆసుపత్రికి వెళ్ళింది. ఇది పలాస జబ్బు, అక్కడే బాగా చూస్తారని వాళ్ళు రైలెక్కించి పంపేశారు. వదిన మా వీధిలోనే ఒక గది ఇప్పించింది. ఇప్పుడు ఆమె ఆ గదిలోనే కూర్చుని కూలికి పప్పు పొట్టు తీస్తోంది. మా ఇంటి క్యానులోంచి నీళ్ళు తీసుకెళ్తుంది.

ఫ్యాక్టరీలో డ్రమ్ము ఇంకా ఉంది. మగ్గు మాత్రం ఎన్నిసార్లు కొన్నా మాయమైపోతోందట. మగ్గు లేక అందరూ స్టీలు గ్లాసుతో క్యాను నీళ్ళే తాగుతున్నారు. వదినను అడిగితే, "నాకేటి తెలుసు?" అంటుంది.

మొన్న అన్నయ్య డయాలసిస్ రోజున, డాక్టరుకు చూపిద్దామని ఆ ఒడిశా ఆమెనూ మాతో తీసుకెళ్ళాం. కౌంటరు దగ్గర కుర్రవాడు తల ఎత్తకుండా అడిగాడు.

"ఏ ఊరమ్మా?"

ఆమె తడబడింది. "పలాస," అంది వదిన.

"ఎప్పట్నుంచి?"

"జబ్బొచ్చిన కాణ్ణుంచి."

అతను అదే రాసుకున్నాడు. అది సరైన సమాధానమే అన్నట్టు తల ఊపి ఆమెను లోపలికి పంపాడు.