వెనుక సైకిల్ చెప్పే మాట

ఎండాకాలంలో సైకిల్ టైరులో గాలి తక్కువ కొట్టించాలని, లేకపోతే వేడికి గాలి ఉబ్బి టైరు పేలిపోతుందని నల్గొండలో నాకు చెప్పనివారు లేరు. కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినవాణ్ని కాబట్టి లెక్క వేసి చూశాను. తెల్లవారుజాము చల్లదనం నుంచి మధ్యాహ్నపు తారురోడ్డు వేడికి చేరేసరికి టైరులోని పీడనం పెరిగే మాట నిజమే. కానీ అది మంచి టైరు సులువుగా భరించగలిగినంతే. పేలినవాటిని తిప్పి చూసినప్పుడల్లా పక్క అంచు అంతకుముందే చీలి ఉండేది. గాలి తక్కువైన టైరు మాత్రం గుంతలో పడగానే రిమ్ము కింద నలిగి పంక్చర్ అవుతుంది. సలహా విన్నవారికి ఆ పంక్చర్ కూడా ఎండ మహిమగానే తోస్తుంది.

సైకిల్ తొక్కితే మోకాళ్ళు అరుగుతాయన్న మాటను కూడా పరీక్షించాను. సీటు ఎత్తు సరిచేసుకున్నాక నా నొప్పి పోయింది. అయితే నా రెండు మోకాళ్ళు లోకానికంతటికీ రుజువు కావని విద్యార్థులకు చెప్పినట్టే ఇక్కడా చెప్పాలి. లారీ వెనుక చేరితే ఎదురుగాలి తగలదన్నది నిజం. లారీ ముందు ఏముందో మనకు కనబడదన్నదీ అంతే నిజం. కాబట్టి నిజమైనంత మాత్రాన ఏ సలహా అయినా పాటించదగినది అయిపోదు.

నా పరీక్షలన్నిటికీ నిలిచిన సలహా ఒకటి ఉంది. రోడ్డు మీద ఇద్దరు పోతున్నప్పుడు, బాగా వినబడేవాడు వెనుక ఉండాలి. ఆ మాట మా బావది.

మా రెండిళ్ళూ ఒకే వీధిలో ఉండేవి. రెండూ మగ్గాల ఇళ్ళే. నేను చదువు పేరుతో మగ్గం దిగాను, అతడు దిగలేదు. వరుసకు చెల్లెలయ్యే అమ్మాయిని పెళ్ళి చేసుకొని బావ అయ్యాడు గానీ, అంతకుముందు నుంచే మేమిద్దరం సైకిళ్ళ మీద కలిసి తిరిగేవాళ్ళం. అతడు ఎప్పుడూ వెనుక, నేను ముందు. వెనుక నుంచి బండి వస్తుంటే "వచ్చె!" అని ఒక్క కేక వేసేవాడు. నేను ఎడమ చెయ్యి ఎత్తి, రోడ్డు అంచుకు జరిగేవాణ్ని. చెయ్యి ఎత్తితే విన్నట్టు లెక్క. ఎత్తకపోతే మళ్ళీ అరిచేవాడు.

అతడు తల తిప్పకుండానే "వచ్చె, టిప్పర్, ఖాళీది" అని చెప్పేవాడు. దాన్ని విద్యగా ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ రోడ్డు మీద తిరిగేవాటిలో టిప్పర్లే ఎక్కువ కాబట్టి, ఊరికే టిప్పర్ అన్నా చాలాసార్లు నిజమవుతుందని వాదించాను. "అయితే నువ్వు ఎనక ఉండి చెప్పు బావా, సూద్దాం" అన్నాడు. చెప్పాను. బస్సును లారీ అన్నాను, ట్రాక్టరును బస్సు అన్నాను. అతడు హ్యాండిల్ మీద వాలి నవ్వుతూ "నీ ఫిజిక్సుల ట్రాక్టర్ లేదా ఏంది?" అన్నాడు. ఆ రోజుతో వెనుక స్థానం అతడిదని ఇద్దరమూ ఒప్పుకున్నాము.

రాష్ట్రం వచ్చిన ఏడాది, "మన రాష్ట్రం యాడిదాంక ఉందో సైకిల్ మీద పోయి సూసొద్దం" అని అతడే బయలుదేరదీశాడు. దేవరకొండ మీదుగా నాగర్‌కర్నూల్ చేరి రాత్రి అక్కడ పడుకున్నాము. మరునాడు పెబ్బేరు దగ్గర హైవే ఎక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి ఆలంపూర్ చేరాము. అతడు అమ్మవారి దర్శనానికి లోపలికి పోయాడు, నేను బయట సైకిళ్ళకు కాపలా ఉన్నాను. తరువాత ఇద్దరం తుంగభద్ర ఒడ్డున కూర్చొని అటువైపు గట్టును చూశాము. "గింతేనా?" అన్నాడు. అయినా ప్రతి చలికాలం మళ్ళీ పోదామనేవాడు. పోయేవాళ్ళం. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునే మనిషికి ఏడాదిలో ఆ ప్రయాణం ఎంత విలువైనదో, దాని మాట ఎత్తినప్పుడు అతడి ముఖం చూస్తే తెలిసేది.

కిందటి వానాకాలం చివర, నల్గొండ పక్కనే ఉన్న పానగల్ చెరువు దాకా పోయి తిరిగి వస్తున్నాము. నేను ముందు, అతడు వెనుక. కేక లేకుండానే టిప్పర్ ఒకటి నా మోచేతి పక్క నుంచి దూసుకుపోయింది. దాని గాలికి సైకిల్ తూలి మట్టిలోకి దిగింది. కాలు ఆనించి వెనక్కి చూశాను. అతడు చెరువు నీళ్ళ వైపు చూస్తూ నెమ్మదిగా తొక్కుతున్నాడు.

"చెప్పలేదేంది బావా?"

"ఏం చెప్పాలె?"

"టిప్పర్ పోయింది గద!"

అతడు రోడ్డు మీద దూరమవుతున్న టిప్పర్ వైపు చూశాడు. తరువాత "గాలి మోతల ఇనవడలే" అన్నాడు.

అది సాధ్యమే. సైకిల్ వేగానికి చెవి దగ్గర లేచే గాలి మోత చాలా శబ్దాలను మింగేస్తుంది. ఆ ఉదయం గాలి కూడా ఉంది. ఒక్క సంఘటనతో నిర్ణయానికి రాకూడదని మా చెల్లెను అడిగాను. ఇంట్లో పిలిస్తే పలుకుతున్నాడా అని.

"ఏడ పలుకుతడన్నా? రెండేండ్ల సంది గంతే. మగోళ్ళ సంగతి గట్లనే ఉంటదనుకున్న" అంది.

సాక్ష్యం ఆమె దగ్గర ఎప్పటినుంచో ఉంది. దానికి ఆమె పెట్టుకున్న కారణం కూడా కొట్టివేయదగినదేమీ కాదు.

గాలి లేని ఒక ఉదయం, ఏదో సాకు చెప్పి నేను వెనుక ఉండిపోయాను. ముందు పోతున్న అతడి వీపు చూస్తూ బెల్లు కొట్టాను. తిరగలేదు. అయితే వయసుతో మొదట పోయేది సన్నని శబ్దాలను వినే శక్తి కాబట్టి బెల్లు సరైన పరీక్ష కాదు. మామూలు గొంతుతో "వచ్చె" అన్నాను. చెయ్యి లేవలేదు. కొంచెం గట్టిగా అన్నాను. మరింత దగ్గరికి పోయి అన్నాను. అప్పుడు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. వెనుక రోడ్డంతా ఖాళీగా ఉంది.

"ఏదీ బండి?" అన్నాడు. నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. "పరీచ్చ పెడుతున్నవా నాకు? నీ కాలేజీ పిల్లలనుకున్నవా?"

"టిప్పర్ నిన్ను కొట్టినా, నన్ను కొట్టినా..."

"ఇన్నేండ్లు నిన్ను కాపాడుకొచ్చింది ఎవరు?"

అందులో పరీక్షించవలసింది ఏమీ లేదు. అతడు ఊరి దాకా నాకంటే ముందు పోయాడు, ఆగలేదు.

వారం తరువాత మా చెల్లె అతణ్ని దవాఖానకు తీసుకుపోయింది. రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గిందన్నారు. అది వయసు వల్లనా, జీవితమంతా విన్న మగ్గం మోత వల్లనా అని అడిగితే డాక్టర్ తేల్చి చెప్పలేదు. నేనూ తేల్చను. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. ఇంట్లో అది బాగానే పనిచేసింది. "ఇప్పుడు నేను గొణిగింది గూడ ఇనవడుతాంది, గదొక ఫికర్ అయింది" అని మా చెల్లె నవ్వింది. సైకిల్ ఎక్కగానే మాత్రం మిషన్ గాలి మోతనే పెద్దది చేసి వినిపించింది. అతడు దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

తరువాతి ప్రయత్నం అద్దం. సైకిల్ షాపు మిస్త్రీ, మా ఇద్దరికీ తెలిసిన పెద్దాయన, బావ సైకిల్ హ్యాండిల్‌కు అద్దం బిగిస్తూ ఊరుకోలేదు. "క్యా సాబ్, ఈ వయసుల షోకు లేసిందా? దువ్వెన గూడ కట్టాల్నా?" అన్నాడు. బావ తన బట్టతల నిమురుకుంటూ "దువ్వెన నీకే ఉంచుకో భాయ్" అన్నాడు. చాలా రోజుల తరువాత అతడు నవ్వడం అప్పుడే చూశాను.

అద్దాన్ని కూడా పరీక్షించాను. కొత్త రోడ్డు మీద బొమ్మ స్పష్టంగా ఉంటుంది. పాత రోడ్డు మీద వణికిపోతుంది. పైగా ఉబ్బెత్తు అద్దంలో ప్రతి బండీ ఉన్న దూరం కంటే ఎక్కువ దూరంలో ఉన్నట్టు కనబడుతుంది. హైవే మీద బండ్ల వేగానికి ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. బండి కోసం అతడు అద్దంలోకి చూసినంతసేపు ముందున్న గుంతను చూడడు. బండ్లు తక్కువగా, నెమ్మదిగా తిరిగే పానగల్ రోడ్డుకు అద్దం చాలవచ్చు. ఆలంపూర్ దారికి చాలదు.

చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం వాళ్ళింటికి పోతే మగ్గం మీద ఉన్నాడు. చెవి మిషన్ పక్కన గూట్లో ఉంది. నన్ను చూసి, పేక నూలు మోసుకుంటూ అటూ ఇటూ పోయే నాడెను ఆపాడు.

"నిజం చెప్పు బావా. నీ లెక్కల ఏమొచ్చింది? ఆలంపూర్ పోదమా, వద్దా?"

"హైవే మీద వద్దు బావా" అన్నాను.

"ఏమన్నవ్?"

అతడికి వినబడలేదో, వినబడిన మాటనే మరోసారి అనిపించుకోవాలనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అది ఒక్కటి పరీక్షించాలని నాకు అనిపించలేదు. గొంతు పెంచి అదే మాట మళ్ళీ అన్నాను. ఇల్లంతా వినబడింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అతడు తల ఊపాడు. నాడె మళ్ళీ అటూ ఇటూ తిరగడం మొదలైంది. కొంత బట్ట నేశాక, తల ఎత్తకుండానే అడిగాడు: "పానగల్ దాంక?"

"పానగల్ దాంక పోదం. నువ్వు ముందు" అన్నాను, గొంతు తగ్గించకుండానే.

"ముందా?" అన్నాడు. "సరే తియ్యి."

నేను చెప్పింది సరైనదేనా అని ఇప్పుడు కూడా నన్ను నేను ప్రశ్నించుకుంటాను. పోయి ఉంటే క్షేమంగా తిరిగి వచ్చేవాళ్ళమేమో. జరగని ప్రయాణంలో తప్పిన ప్రమాదం ఉందో లేదో కొలిచే సాధనమేదీ నా దగ్గర లేదు. తుంగభద్ర ఒడ్డున అతడు కూర్చునే చోటు ఈ చలికాలం ఖాళీగా ఉందన్నది మాత్రం లెక్క అక్కరలేని సంగతి. సైకిల్ తొక్కేవారికి ఒక సలహా ఇవ్వమంటే ఇది చెబుతాను: మీ వెనుక వచ్చే మనిషికి ఎంత వినబడుతుందో ఏడాదికొకసారి కనుక్కోండి. మీకు ఎంత వినబడుతుందో అతణ్ని కనుక్కోమనండి. దొంగచాటుగా మాత్రం చేయకండి.

ఇప్పుడు తెల్లవారగానే పానగల్ దాకా పోతున్నాము. అతడు ముందు, నేను వెనుక. బండి వస్తుంటే, అతడికి వినబడదని తెలిసి కూడా "వచ్చె!" అని అరుస్తాను, ఎందుకంటే ఇన్నేళ్ళ అలవాటు నోటిని ఆగనివ్వదు. మొదటి రోజునే అతడు ఎడమ చెయ్యి ఎత్తి అంచుకు జరిగాడు. ఆశ్చర్యపోయి, పానగల్ చేరాక ఎట్లా తెలిసిందని సైగ చేసి అడిగాను.

"అద్దంల లారీ అవుపడదు. నీ నోరు అవుపడతాంది" అన్నాడు.

నమ్మలేక మరునాడు గమనించాను. బండి వచ్చిన ప్రతిసారీ చెయ్యి లేచింది. చివరలో, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు, నాకు ఆవులింత వచ్చింది. అప్పుడు కూడా చెయ్యి ఎత్తి, ఖాళీ రోడ్డు మీద బుద్ధిగా అంచుకు జరిగి, ఎంతసేపటికీ రాని బండికి దారి ఇచ్చాడు.