రెండో మనిషి చూశాకే

"అక్క వెళ్ళిపోయిందమ్మా. డ్రాఫ్ట్ పంపించాను, చూసి పెట్టెయ్."

ఆసుపత్రి నుంచి మన తెలుగు సంఘం కార్యదర్శిగారు ఫోన్లో అన్నది ఇంతే. ఆపరేటర్ అత్తయ్య పోయారని నాకు తెలిసింది ఇలాగే. పొద్దున్నే, పాలు స్టవ్ మీద ఉండగా.

ఆ వార్త మీలో చాలామందికి స్కూటర్ మీద వచ్చింది. కొందరికి ఫోన్లో తెలిసింది. మన వెబ్‌సైట్లో మాత్రం మధ్యాహ్నం దాకా రాలేదు. ఎందుకు రాలేదని తర్వాత చాలామంది అడిగారు. కొందరు కోపంగానే అడిగారు. నేను ఎవరికీ సరిగా జవాబు చెప్పలేదు. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. రాయడం కొంచెం వచ్చు, అందుకని రాస్తున్నాను. ఆవిడ గురించి రాయాలన్నా ఇది రాయక తప్పదు.

అత్తయ్య నాకు చుట్టం కాదు. ఇక్కడ టాటా ఊళ్ళో, సీతారాండేరాలో మా పక్కిల్లు. ఉద్యోగమంతా ఒక పెద్ద ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేశారు, అందుకే వీధి మొత్తానికీ ఆపరేటర్ అత్తయ్య. పెళ్ళి చేసుకోలేదు. తనవాళ్ళంటూ ఉన్నది ఒక్క చెల్లెలు, పలాసలో. ఆ చెల్లెలు పెరిగింది ఇక్కడే కాబట్టి, రోజూ మన సైట్ తెరిచి టాటా కబుర్లు చదువుకునేవారు. వాట్సాప్ గ్రూపులన్నిటి నుంచీ ఎప్పుడో బయటికొచ్చేశారు. "పొద్దున్న లేత్తే పువ్వులు, మళ్ళీ పువ్వులు. ఫోను నిండిపోనాది" అని. మన సైట్ నోటిఫికేషన్ ఒక్కటే ఉంచుకున్నారు.

కార్యదర్శిగారి ఫోన్ వచ్చేసరికి ఆ చెల్లెలు రైల్లో ఉన్నారు. ముందురోజు ఆయన "సీరియస్‌గా ఉంది, బయల్దేరు" అన్నారు. అన్నప్పుడు అది నిజం. తెల్లారేసరికి నిజం కాకుండా పోయింది. బండి ఇంకా ఖరగ్‌పూర్ చేరలేదు. నేను బటన్ నొక్కితే ఆ వార్త ఆవిడ ఒళ్ళో మోగుతుంది, పక్కన ముక్కూమొహం తెలియనివాళ్ళు కూర్చుని ఉండగా.

మనవాళ్ళు చావు కబురు ఫోన్లో చెప్పరు. "సీరియస్" అంటారు. మనిషిని గుమ్మం దాకా రప్పించి, అప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని చెబుతారు. చిన్నప్పుడు ఇది నాకు అబద్ధంలా కనిపించేది. కాన్వెంట్లో సిస్టర్లు అబద్ధం చెప్పకూడదని నేర్పారు. ఈ మాట ఒకసారి అత్తయ్యతో అంటే ఆవిడ నవ్వలేదు.

"ఎక్స్ఛేంజీలో నాకు ముందే తెలిసిపోయేది, ఈ లైను ఎందుకడుగుతున్నారో. అవతల మనిషి ఒక్కర్తే ఉందా, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగేదాన్ని. ఒక్కర్తే ఉంటే, పక్కింటోళ్ళని పిలుచుకురామ్మా, లైను పట్టుకుని ఉంటాను అనేదాన్ని. వాళ్ళొచ్చాకే వార్డుకి కలిపేదాన్ని. అది అబద్ధమేటి?"

ఈ అలవాటు ఎక్స్ఛేంజీతో పోలేదు. మన సైట్‌లోకీ వచ్చింది.

మన పాత సైట్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకటే యూజర్ పేరు, ఒకటే పాస్‌వర్డ్, కమిటీలో అందరి దగ్గరా అదే. ఎవరైనా ఏదైనా పెట్టవచ్చు. ఒకసారి బిర్సానగర్‌లో ఒక పెద్దాయన పోతే, ఎవరో మంచి మనసుతోనే, వెంటనే ఫొటోతో సహా పెట్టేశారు. ఆయన కూతురు విశాఖలో సిటీ బస్సులో ఉంది. సైట్ అడుగున ఇచ్చిన నంబరు అత్తయ్యది కాబట్టి ఆ అమ్మాయి ఆవిడకే ఫోన్ చేసింది. "నిజమేనా అండీ?" అని ఒక్కటే అడిగింది. అత్తయ్యకీ అప్పటికి తెలియదు.

ఆ తర్వాతే కొత్త సైట్ మాట వచ్చింది. కంప్యూటర్ తెలిసిన పిల్ల అని నన్ను పిలిచారు. పేజీలు రాయడానికి, మార్చడానికి, పెట్టడానికి వాడే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్ చాలా ఉన్నాయి. మూడింటిని ఎంచి, మూడింటిలోనూ మన సైట్ నమూనా కట్టి, అత్తయ్య ఇంట్లో లాప్‌టాప్ తెరిచాను. కమిటీ ముందు మాట్లాడేకంటే ముందు ఆవిడ ముందు మాట్లాడితే నోరు తిరుగుతుందని. కంగారుపడితే నాకు హిందీ వచ్చేస్తుంది. ఆవిడ తెలుగులో అడుగుతారు, నేను హిందీలో చెబుతాను. ఆవిడ మళ్ళీ తెలుగులోనే అడుగుతారు, వినిపించనట్టు.

రంగుల గురించి అడగలేదు. వేగం గురించి అడగలేదు. మూడింటికీ ఒకటే ప్రశ్న.

"ఇందులో నేను తప్పు రాసినాననుకో. ముందు ఎవరికి తెలుత్తాది? మనోళ్ళకా, ఊరికా?"

మొదటిది కార్యదర్శిగారికి నచ్చినది. రెడీమేడ్. బొమ్మని వేలితో లాగి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు, నిజంగా అందంగా ఉంటుంది. కానీ మనకి ఇచ్చే రకంలో అందరూ సమానమే. ఎవరు నొక్కినా అప్పటికప్పుడు బయటికి వెళ్ళిపోతుంది. పైగా రేపు వాళ్ళని వదిలి రావాలంటే మన పేజీలు మనతో రావు. రెండోది పెద్ద పెద్ద సంస్థలు వాడేది. మెనూలో ఒక మాట మార్చాలన్నా తెలిసినవాడిని పిలవాలి. మూడోది చూడ్డానికి సాదాగా ఉంటుంది, లోకంలో చాలామంది వాడతారు. రాసేవాళ్ళు వేరు, సరిచూసేవాళ్ళు వేరు అని అందులో విడదీయవచ్చు. పేజీని ఎన్నిసార్లు మార్చినా పాతవన్నీ ఉంటాయి. ఎప్పుడైనా మొత్తం మూటగట్టుకుని ఇంకోచోటికి వెళ్ళవచ్చు.

"ఇదీ," అన్నారు అత్తయ్య మూడోదాన్ని చూసి. "ఇందులో నేను లైను పట్టుకుని ఉండొచ్చు."

కమిటీలో పెద్ద గొడవే అయింది. కార్యదర్శిగారికి లారీల వ్యాపారం, ఏ పనైనా నిలబడిపోతే ఆయనకి ఊపిరాడదు.

"అక్కా, పెళ్ళి శుభలేఖకి కూడా నువ్వు స్టాంపు కొట్టాలేటి?"

"పెళ్ళికూతురి పేరు తప్పు పడితే పీటల మీద నువ్వు కూకుంటావేటి?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. అలా మూడోది వచ్చింది. ఎవరు రాసినా రెండో మనిషి చూసి ఆమోదించాకే బయటికి వెళ్ళాలని నియమం పెట్టాం. ఆ రెండో మనిషి అత్తయ్య.

ఆవిడ ఎప్పుడూ సరిగ్గానే చేశారని నేను చెప్పను. కంటి ఆపరేషన్ చేయించుకున్నప్పుడు సోనారిలో ఒక అమ్మాయి పెళ్ళి ప్రకటన ఆవిడ ఆమోదం కోసం అలాగే ఉండిపోయింది. బయటికి వచ్చేసరికి పెళ్ళి అయిపోయింది. "ఉండనీ అక్కా, బారసాలకి పెడదాం" అని కార్యదర్శిగారు చాలాకాలం దెప్పారు. మరుసటి సమావేశంలో అత్తయ్యే లేచి, పెళ్ళిళ్ళకీ, రక్తం కావాలన్న వాటికీ రెండో మనిషి అక్కర్లేదని, చావుకి మాత్రం ఉండాలని మార్పించారు. సిస్టమ్‌లో అలా మార్చడం నాకు ఒక సాయంత్రం పని. ఆవిడకి అది ఎంత పనో ఆ రోజు మొహం చూస్తే తెలిసింది.

శనివారాలు సైట్‌కి అప్‌డేట్లు చేసేదాన్ని. అత్తయ్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "బ్యాకప్ తీసినావా?" తీశానంటే నమ్మరు, చూపించాలి. పిల్లలకి సూది వేయించేటప్పటిలా, అప్‌డేట్ పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి చూసేవారు. ఏ ప్రకటన వచ్చినా పైకి చదివేవారు, ఎడమ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని. హెడ్‌ఫోన్ లేకపోయినా చెయ్యి అక్కడికే పోయేది. చదివాక చాలాసేపు ఆగేవారు. ఆ ఆగడం నాకు విసుగు. ఒకసారి అడిగాను కూడా, ఇంకా ఏం చూస్తున్నారని.

"చదివేవోళ్ళలో దీనికి ఎవరు పడిపోతారా అని చూత్తన్నాను."

మూత్రపిండాలు పాడై ఆసుపత్రిలో చేరాక, నన్ను పిలిపించి తన పేరు సిస్టమ్‌లోంచి తీసేయమన్నారు. తర్వాత పెట్టుకుందాం అన్నాను. ఒప్పుకోలేదు. మంచం పక్కనే కూర్చుని ఆవిడ పేరు తీసి, ఆ చోట నా పేరు పెట్టాను. ఏదో ఒకటి అంటారని ఎదురుచూశాను. "మీ అమ్మకి చెప్పు, చారులో ఉప్పు ఎక్కువైంది" అన్నారు. నాకు వినిపించిన ఆవిడ చివరి పూర్తి మాట అదే.

అందువల్ల ఆ ఉదయం కార్యదర్శిగారు రాసిన వార్త నా తెర మీదికి వచ్చి ఆగింది. నేను ఆమోదించకపోతే అది కదలదు.

పావుగంటలో ఆయన మళ్ళీ ఫోన్ చేశారు.

"ఇంకా పెట్టలేదేటమ్మా? బి షిఫ్టోళ్ళు మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరిపోతే ఎవరూ దొరకరు. సాయంత్రం దహనానికి ఘాట్‌కి మనుషులు వద్దా?"

"చిన్నత్తయ్య ట్రెయిన్‌లో ఉన్నారండీ."

"తెలుసు. ఇప్పుడే నాకు ఫోన్ చేసింది. అలాగే ఉందని చెప్పాను. చూడమ్మా, అక్కకి పిల్లల్లేరు, జెల్లల్లేరు. మోసేది మనమే. మనమే ఖబర్ ఇవ్వకపోతే ఎలాగ? నలుగురితో పంపించేత్తామా?"

ఆయన చెప్పింది తప్పు కాదు. నాకు అదే కష్టమైంది. తప్పయితే కాదనడం తేలిక. తెర మీద రెండు బటన్లు, ఒకటి ఆమోదించడానికి, ఒకటి వెనక్కి పంపడానికి. రెండింటి మధ్యా మౌస్ జరుపుతూ కూర్చున్నాను. టాటా అంతటికీ ఫోన్లు చేసిన మనిషికి, వందల ఇళ్ళకి లైను కలిపిన మనిషికి, చివరికి ఎవరూ రాకపోతే?

"నేను ఇప్పుడు పెట్టను," అన్నాను. హిందీలో అన్నాను. మళ్ళీ తెలుగులో అన్నాను. "బండి వచ్చాక పెడతాను."

"అయితే జనానికి ఎవడు చెప్తాడు?"

"వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరో ఒకరు చిన్నత్తయ్యకి పంపేస్తారు. మీకు అందరి ఇళ్ళూ తెలుసు కదండీ."

నేను పెద్దవాళ్ళతో అలా మాట్లాడే మనిషిని కాను. ఫోన్ పెట్టేస్తారేమో అనుకున్నాను.

"అక్క పోనాది గానీ, స్టాంపు మాత్రం పోనేదు," అన్నారు. "సరే, నువ్వు స్టేషన్‌కి పో. స్కూటర్ తీత్తన్నాను."

మీలో కొందరి గుమ్మాల్లోకి ఆయన వచ్చింది అలాగే.

ఆటోలో వెళుతుండగా చిన్నత్తయ్య నాకే ఫోన్ చేశారు. పేరు చూసి, ఎత్తకుండా ఉందామనుకున్నాను. ఎత్తాను.

"ఘాట్‌శిలా దాటాం. అక్క ఎలాగుందే?"

"స్టేషన్‌లో ఉంటాను చిన్నత్తయ్యా. మీ పెట్టె దగ్గరే ఉంటాను." ఇంకేమీ అడగలేదు. సిగ్నల్ పోయిందో, ఆవిడే పెట్టేశారో తెలియదు.

బండి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యమంతా నేను వాక్యం తయారుచేసుకుంటూ గడిపాను, ఒక్కటీ నిలబడలేదు. చిన్నత్తయ్య చిన్న సంచీతో దిగారు. నేను చెయ్యి పట్టుకున్నాను. "అత్తయ్య పొద్దున్నే వెళ్ళిపోయారు" అన్నాను, తెలుగులోనే. పోర్టర్లు మా పక్కనుంచి తోసుకుంటూ పోయారు. ఆవిడ ఏడవలేదు. నా మొహంకేసే చూస్తున్నారు.

"ఖరగ్‌పూర్ నుంచి సైటు చూత్తానే ఉన్నాను," అన్నారు. "ఏటీ రాలేదు. వీళ్ళు ఫోన్లో చెప్పరు, నాకు తెలుసు. సైటులో రాలేదు గనక ఉందిలే అనుకున్నాను. మధ్యలో ఒక కాఫీ కూడా తాగినాను."

నేను ఆపినది కూడా ఒక కబురులా వెళ్ళిందని అప్పటిదాకా తట్టలేదు. క్షమించమని అడగబోయాను.

"బాగుంది ఆ కాఫీ," అన్నారు ఆవిడ, నా చెయ్యి వదలకుండా. "అంతసేపూ అక్క ఉంది కదా నాకు."

ప్లాట్‌ఫారమ్ బెంచీ మీద కూర్చున్నాం. అప్పుడు ఏడ్చారు. చాలాసేపటి తర్వాత అడిగారు, ఇంకా పెట్టలేదా అని. లేదన్నాను.

"పెట్టు. నా ముందే పెట్టు. ఏటి రాసినాడో చదువు."

ఫోన్లో డ్రాఫ్ట్ తెరిచి చదివాను. కార్యదర్శిగారు అత్తయ్యని సేవామూర్తి అన్నారు, త్యాగమయి అన్నారు. చిన్నత్తయ్య తల అడ్డంగా ఊపారు. "దానికి ఇవి పడవు. తీసెయ్." తీసేశాను. పేరు, వయసు, ఎక్స్ఛేంజీలో ఉద్యోగం, చెల్లెలు, సాయంత్రం దహనం ఎన్నింటికి. అంతే మిగిలింది. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. సరే అన్నారు.

ఆమోదించాను.

పక్కన సంచీలో ఆవిడ ఫోన్ మోగింది. తీసి, చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. ఫోన్ దూరంగా పట్టుకుని, ఇప్పుడే తెలుస్తున్న మనిషిలా, మొదటి మాట నుంచి మెల్లగా చదవడం మొదలుపెట్టారు.